మా ఇంటి ఇంటిపేరు

జనవరి 8, 1976, గురువారం

లవీనా క్రాకెట్ వచ్చి వెళ్లింది. బూట్లకు అంటిన మంచు గుమ్మంలో దులుపుకోకుండా తిన్నగా ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. ఊరి చరిత్ర సంఘానికి అధ్యక్షురాలు కదా, ఆవిడ కాళ్ల కింద కారిన నీళ్లు కూడా చరిత్రలోకే వస్తాయి కాబోలు. నేల మాత్రం నేనే తుడుచుకున్నాను.

వచ్చే జూలైకి అమెరికాకి స్వతంత్రం వచ్చి రెండు వందల ఏళ్లు నిండుతాయి. ఆ సంబరానికి మా టానర్ ఫాల్స్‌లో వందేళ్లు దాటిన ఇళ్లన్నిటికీ తెల్ల బోర్డులు కొడతారట. ప్రతి ఇంటికీ చరిత్ర కావాలి. ఎవరు కట్టారు, తర్వాత ఎవరెవరి చేతులు మారింది, అంతా. సంఘంలో ఎవరికీ తీరిక లేదు కనక మా ఇంటి సంగతి నన్నే రాసిమ్మని కాగితం చేతిలో పెట్టింది. పైన నల్లసిరాతో అప్పటికే రాసేసి ఉంది: పికార్డ్ ఇల్లు.

"ఇదేమిటి లవీనా? ఈ ఇంట్లో ఉంటున్నది వెలెట్ వాళ్లు."

"ఉంటున్నది మీరే. కాదన్నానా? ఇల్లు పికార్డ్ వాళ్లది కదా."

"ముప్ఫై తొమ్మిదేళ్ల కిందట వాళ్ల దగ్గర కొన్నాం."

"అదే నేనూ అంటున్నది. పికార్డ్ వాళ్ల ఇంట్లో ముప్ఫై తొమ్మిదేళ్లుగా ఉంటున్నారు. అయినా డెలిమా, ఏమీ అనుకోకు, మీది ఫ్రెంచి పేరు, ఇంగ్లీషులో రాస్తే అచ్చులు మరీ ఎక్కువ. బోర్డు మీద పట్టవు."

పికార్డ్ ఈ ఇంట్లో నాలుగేళ్లున్నాడు. నాలుగంటే నాలుగు. ముందు గదిలో కోళ్లు పెంచాడు. ఒక చలికాలం మెట్ల కటకటాలు పీకి పొయ్యిలో పెట్టాడు. అతని పేరులో మాత్రం అచ్చులు తక్కువ.

నాకేం కోపం రాలేదు. రొట్టెపిండి కాస్త గట్టిగా పిసికాను, అంతే.

జనవరి 9

కోపం లేదు. రొట్టె ఇవాళ కూడా రాయిలాగే వచ్చింది.

జనవరి 20

ఉత్తరాల డబ్బాకి కొత్త రంగు వేశాను. తెల్లటి డబ్బా మీద జానెడేసి ఎర్రటి అక్షరాలు, వెలెట్ అని. చివరి రెండు అక్షరాలు పక్కకు తిరిగిపోయాయి కానీ గుడ్డివాడికైనా కనిపిస్తాయి. పోస్ట్‌మన్ మెర్ల్ టిబెట్స్ బండి ఆపి చాలాసేపు చూశాడు.

"భలేగా ఉందండీ మిసెస్ వెలెట్. పికార్డ్ ఇంటి డబ్బా ఎక్కడుందా అని ఇకమీద వెతుక్కోనక్కర్లేదు."

ఫిబ్రవరి 2, సోమవారం

మా ఆయన అడెలార్డ్ పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున చర్చిలో పూజ చేయించాను. ఇంటికొచ్చాక పత్రికలో వచ్చిన ముక్క తీసి మళ్లీ చదివాను. చదవకూడదని ప్రతిసారీ అనుకుంటాను. 'పికార్డ్ ఇంటి నివాసి అడెలార్డ్ వెలెట్ (69) స్వగృహంలో కన్నుమూశారు.' ఒకే వాక్యంలో ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎలా కూర్చున్నాయో నాకర్థం కాదు. ఆ రోజు చర్చిలో ఫాదర్ కూడా, శవపేటిక అక్కడుండగానే, "సమాధి దగ్గర పని అయ్యాక అందరూ పికార్డ్ ఇంటికి భోజనానికి రండి" అన్నారు. అందరూ దారి తప్పకుండా వచ్చారు.

మేం కొన్నప్పుడు ఈ ఇంటి కింది దూలం పుచ్చిపోయి ఉంది. ఇల్లు మొత్తాన్ని జాకీల మీద లేపి, మిల్లులో పగలంతా మగ్గాలు బాగుచేసి వచ్చి, సాయంత్రాలు ఆ దూలం మార్చాడు. పైకప్పు చెక్కలు మూడుసార్లు మార్చాడు. పికార్డ్ తగలేసిన కటకటాల బదులు కొత్తవి ఒక్కొక్కటీ తనే చెక్కాడు. ఈ ఇంట్లో ఆయన చెయ్యి పడని మేకు లేదు. ఎవరేమన్నా నవ్వేవాడు. "పికార్డ్ ఇల్లు బాగా చూసుకుంటున్నావయ్యా" అంటే "నా చేతనైనంత" అనేవాడు. నవ్వేవాడు కానీ, ఆ మాట పడ్డ రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. నాకు తెలుసు, ఎదురుగా కూర్చున్నదాన్ని.

ఈ ఇంటికి ఆయన పేరు పడాలి. పడేదాకా నేను ఊరుకోను. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఇంటి పాత దస్తావేజులు చూడటానికి కౌంటీ రిజిస్ట్రీకి వెళ్లొచ్చాను. మోకాలి నొప్పితో బస్సు ఎక్కలేనని ఎదురింటి వాడ్లీ గారు తన కారులో తీసుకెళ్లారు. అడక్కుండానే. ఆయన ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో పియానోలు శృతి చేస్తారు. మాట్లాడేది తక్కువ. భార్య పోయి ఆరేళ్లయింది. ఈ సంగతి ఇక్కడెందుకు రాశానో తెలియదు, అందరికీ తెలిసిందే.

మిల్లులో ముప్ఫై ఏళ్లు నేసిన గుడ్డలో ముడులు వెతికి విప్పడం నా పని. పాత దస్తావేజులు చదవడం కూడా అలాంటిదే. ఒక ముడి దొరికితే మిగతావి వాటంతట అవే చేతికి తగులుతాయి. నాకు దొరికిన ముడి 'అనబడే' అన్న మాట. ప్రతి అమ్మకపు కాగితంలోనూ ఆ మాట ఉంది.

ఇల్లు కట్టింది 1811లో ఎలిఫలెట్ డన్నింగ్ అనే టోపీలవాడు. ముప్ఫై ఏడేళ్లు ఇందులోనే ఉండి, పదకొండుమంది పిల్లల్ని కని, 1848లో స్టించ్‌ఫీల్డ్ అక్కచెల్లెళ్లకి అమ్మాడు. ఆ కాగితంలో ఏముందంటే, 'బూడీ టర్నిప్ చేను అనబడే స్థలము, అందలి గృహము'. ఇల్లు కట్టకముందు ఇక్కడ బూడీ అనేవాడు టర్నిప్ దుంపలు పండించేవాడట! పాపం డన్నింగ్ తన చేతులతో కట్టుకున్న రెండంతస్తుల ఇంట్లో ముప్ఫై ఏడేళ్లూ దుంపల చేలోనే కాపురం చేశాడు.

నేను గట్టిగా నవ్వేసరికి రిజిస్ట్రీ గుమాస్తా తల ఎత్తి చూశాడు.

అక్కచెల్లెళ్లు ఇద్దరూ పెళ్లి చేసుకోకుండా ఇక్కడ ఆడపిల్లల బడి నడిపారు. 1871లో అమ్మారు. 'డన్నింగ్ ఇల్లు అనబడే.' కొన్నది గోవర్ డాక్టరు. పెళ్లాం పిల్లలున్న పెద్దమనిషి, ముప్ఫై మూడేళ్లపాటు ఊరంతా ఆయన ఇంటిని 'అక్కచెల్లెళ్ల ఇల్లు' అంటే ఆ డాక్టరు భార్య ఎలా వేగిందో. 1904లో ఆయన ప్రాక్టర్‌కి అమ్మాడు. ప్రాక్టర్ శవపేటికలు చేసేవాడు. అసలు తమాషా ఇక్కడ ఉంది. ఒంట్లో బాగాలేనివాళ్లు పక్క ఊళ్ల నుంచి వచ్చి 'డాక్టరు ఇల్లు ఎక్కడండీ' అంటే, మన ఊరివాళ్లు తిన్నగా శవపేటికలవాడి గుమ్మంలోకి పంపించేవాళ్లన్నమాట. ప్రాక్టర్ ముందు కొలతలు తీసుకునేవాడో, మంచినీళ్లిచ్చేవాడో కాగితాల్లో లేదు.

1933లో ప్రాక్టర్ దగ్గర పికార్డ్ కొన్నాడు. 1937లో మేం. మా కాగితంలో 'ప్రాక్టర్ ఇల్లు అనబడే' అనే ఉంది. అంటే పికార్డ్ ఉన్న నాలుగేళ్లూ ఇది పికార్డ్ ఇల్లు కానే కాదు! అతను సామాను సర్దుకుని రోడ్డెక్కాకే ఊరు ఇల్లు అతని పేరున రాసిచ్చింది.

"ఇందులో వింతేం లేదు మిసెస్ వెలెట్," అన్నారు వాడ్లీ గారు, తిరిగొస్తూ. "నేను శృతి చేసిన ఇళ్లన్నీ ఇంతే. మన ఊరు ఎప్పుడూ ఒక మనిషి వెనకే ఉంటుంది."

"మరి మీ ఇల్లు?"

"స్టోవర్ ఇల్లు. నలభై రెండేళ్ల నుంచి అందులో ఉంటున్నాను. స్టోవర్ ఎవరో నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు."

ఇంటికొచ్చాక పియానో శృతి చేసి వెళ్లారు. ఆ పియానో ఇంటితోపాటు వచ్చింది. బరువుకి ఎవరూ కదపలేక వదిలేసి పోయారు. నాకు వాయించడం రాదు.

మార్చి 1, సోమవారం

ఊరి సభ. ఏడాదికొకసారి ఊరంతా ఒకచోట కూర్చుని ఊరి పనులన్నిటికీ చేతులెత్తే రోజు. మోకాలికి పట్టీ కట్టుకుని, మంచి టోపీ పెట్టుకుని వెళ్లాను. 'ఊరి రోడ్ల పుస్తకంలో పికార్డ్ ఇల్లు అన్నచోట వెలెట్ ఇల్లు అని మార్చాలి' అని ముందే రాసిచ్చి ఉన్నాను. లేచి నిలబడి చెప్పాను. దూలం గురించి, పైకప్పు గురించి, కోళ్ల గురించి కూడా చెప్పాను.

సభ నడిపేది ఎర్లాండ్ స్పాఫోర్డ్. మంచివాడు, అడెలార్డ్‌తో కలిసి చేపలు పట్టేవాడు.

"విన్నారు కదా, మిసెస్ వెలెట్ అడిగింది న్యాయంగానే ఉంది. ఒప్పుకునేవాళ్లు?"

హాలు మొత్తం చేతులెత్తింది. లవీనా కూడా ఎత్తింది.

"కాదనేవాళ్లు?"

ఒక్కరూ లేరు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే ఏకగ్రీవం. ఇవాళ్టి నుంచి పికార్డ్ ఇంటిని వెలెట్ ఇల్లు అంటాం. సరే, తర్వాతి విషయం. పికార్డ్ ఇంటి ముందు తూము పూడిపోయింది, దాని సంగతి చూడాలి."

ఎవరూ నవ్వలేదు. ఎవరికీ అందులో తేడా కనిపించలేదు. ఎర్లాండ్ తూము గురించి పావుగంట మాట్లాడాడు, ఆ పావుగంటలో పికార్డ్ పేరు ఎనిమిదిసార్లు వచ్చింది. నా వెనక వరసలో వాడ్లీ గారికి దగ్గు పట్టుకుంది. తూము విషయం అయిపోయేదాకా తగ్గలేదు.

మార్చి 2

వాడ్లీ గారు వచ్చి దగ్గినందుకు క్షమాపణ చెప్పారు. పియానో శృతి చేశారు.

ఏప్రిల్ 12, సోమవారం

రోడ్డంతా మోకాలిలోతు బురద. మెర్ల్ ఉత్తరాలు చేతికివ్వడానికి గుమ్మందాకా వచ్చాడు. అతనికి కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను, ఎవరితోనూ అనకు అన్నాను.

"అయ్యయ్యో, నా నోట్లోంచి వస్తుందా అండీ!" అన్నాడు. కాఫీ సగంలో వదిలేసి వెళ్లాడు.

ఇది అబద్ధమేం కాదు. ఏదో ఒక రోజు అమ్మొచ్చు కదా. అనుకోవడం తప్పా? ఈస్టర్ ముందు పవిత్ర వారంలో అనుకోవడం బాగాలేదేమో, అంతవరకే.

ఏప్రిల్ 14

కొట్లో ఇద్దరు ఆడవాళ్లు మొక్కజొన్నపిండి డబ్బాల పక్కన నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ, "విన్నావా? వెలెట్ ఇల్లు అమ్మకానికొచ్చిందట" అంది. నేను అల్మరా వెనక నిలబడి రెండోసారి కూడా విన్నాను. నాకు అక్కర్లేని ఆవాలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 17, శనివారం

రేపు ఈస్టర్ కదా, పాపం చెప్పుకోవడానికి చర్చికి వెళ్లాను. జాలీ వెనకనుంచి ఫాదర్ మామూలుగానే విన్నారు. ఇల్లు అమ్ముతున్నానని ఊరికి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

తర్వాత ఆయన మెల్లగా, "అయితే వెలెట్ ఇల్లు అమ్మకానికి లేదా?" అన్నారు.

ఏడాది కిందట పికార్డ్ ఇంటికి భోజనానికి రమ్మన్న నోటితో! నాకు వచ్చిన సంతోషానికి ఎన్ని జపాలు చేయమన్నారో వినిపించుకోలేదు. తక్కువ కాకూడదని ఇరవై చేశాను.

ఏప్రిల్ 22

వాడ్లీ గారు అయిదు రోజులుగా రాలేదు. ఎదురింటి కిటికీలో తెర వేసి ఉంది. ఆయన రాకపోతే నాకేం, పియానో శృతిలోనే ఉంది.

ఏప్రిల్ 25

వచ్చారు. కూర్చోలేదు. "ఎక్కడికి వెళ్తారు?" అని అడిగారు. ఎక్కడికీ వెళ్లనని నిజం చెప్పేశాను. ఎందుకు అబద్ధమాడానో కూడా చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆపిల్ కూరి కాల్చిన 'పై' వరసగా రెండు ముక్కలు తిన్నారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు, రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మే 8, శనివారం

అయిపోయింది. పోర్ట్‌లాండ్ నుంచి ఒకాయన కొలత టేపుతో వచ్చాడు, ఇల్లు కొనడానికి. చరిత్ర సంఘం జాబితా చూసుకుని వచ్చాడట. గది గదీ తిరిగి, మెట్ల కటకటాలు నిమిరి, ఇవి పాతకాలపు పనితనం అన్నాడు. నేను మెత్తబడ్డాను. ఈ ఇంటిని అతిథులకు బస చేస్తాడట.

"పేరు కూడా అనుకున్నానండీ. పికార్డ్ హౌస్. మంచి చరిత్ర ఉన్న పేరు కదా!"

ఆ తర్వాత నేనన్న మాటలు ఫ్రెంచిలో అన్నాను, రాయడానికి బాగుండవు. ఆయన టేపు ఇక్కడే వదిలేసి పోయాడు. నేను అరిచిన అరుపులకి రోడ్డు మీద బండి ఆపి మెర్ల్ విన్నాడు. ఇల్లు అమ్మడం లేదని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

మే 10

కొట్లో అన్నారు. పికార్డ్ ఇల్లు అమ్మడం లేదట, అని.

మే 23, ఆదివారం

వాడ్లీ గారు నీలం కోటు వేసుకుని వచ్చారు. మామూలుగా పియానో మూత తీసి, ఒక్క మెట్టు కూడా నొక్కకుండా మళ్లీ మూసేశారు.

"మిసెస్ వెలెట్, మీ ఇబ్బంది గురించి ఆలోచించాను."

"ఏ ఇబ్బంది?"

"ఇల్లు వదలకుండా పాత యజమాని కావడం."

"అది కుదరదు కదండీ."

"మీకు కుదరదు. అడెలార్డ్‌కి కుదురుతుంది." కాసేపు టోపీ అంచు చూసుకున్నారు. "ఈ ఇంట్లోకి వేరే పేరున్నవాడు ఒకడు వచ్చి ఉంటే చాలు. నేను వస్తాను. మీరు మిసెస్ వాడ్లీ అవుతారు. ఆ రోజు నుంచీ ఇది వెలెట్ ఇల్లు. నేనున్నంతకాలం ఇంకో పేరు రాదు. మా నాన్న తొంభై నాలుగేళ్లు బతికాడు."

నాకు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. ఆయన నవ్వలేదు. "తొందరేం లేదు" అని చెప్పి, టోపీ పెట్టుకుని రోడ్డు దాటి వెళ్లిపోయారు. ఇంట్లో ఒంటరిగా నిలబడి చూసుకుంటే నా చేతిలో ఆయనకోసం పోసిన టీ ఉంది.

మే 24

రాయడానికేం లేదు.

మే 25

ఏం లేదు.

మే 28

పియానోలో మధ్య మెట్టు ఒకటి అస్సలు సరిగ్గా మోగడం లేదు. శృతి మరలు వదులైనట్టున్నాయి. వంటింట్లో ఉన్న పట్టుకారుకి అవి తిరగడం కష్టమే కానీ, గట్టిగా పట్టుకుని తిప్పితే తిరుగుతాయి.

మే 29

వాడ్లీ గారు చూసి, "ఇది తనంతట తను వదులు కాలేదే" అన్నారు. ఎలకలై ఉంటాయన్నాను.

జూన్ 6, ఆదివారం

లూయిస్టన్ నుంచి మా చెల్లెలు రోజల్మా ఫోన్ చేసింది. బీన్స్ గురించి, నా మోకాలి గురించి మాట్లాడుకున్నాం.

"అక్కా, వాడ్లీ గారి పేరు ఇప్పటికి ఏడుసార్లు ఎత్తావు తెలుసా?"

"ఎదురింట్లో ఉంటాడే. కళ్లు మూసుకుని తిరగనా?"

"పక్కింట్లో ఉన్నవాళ్ల పేరు ఒక్కసారీ రాలేదు మరి."

చివరికి అంతా చెప్పాను. పేరు కోసమే ఆయన అలా అడిగాడని కూడా చెప్పాను. దానికి నవ్వు ఆగలేదు. తర్వాత ఉన్నట్టుండి, "బావ ఏమంటాడో" అంది.

జూన్ 13

అడెలార్డ్ సమాధి దగ్గర గడ్డి కత్తిరించాను. గంటసేపు కూర్చున్నాను. పెళ్లినాటి నుంచి నలభై అయిదేళ్లుగా నా పేరు వెలెట్. ఆయన పేరు ఇంటికి రావాలంటే నా ఒంటి మీద ఉన్న ఆ పేరు తీసి ఇంటికి తొడగాలి. ఒకే కోటు ఉంది, ఇద్దరికి చాలదు. ఈ లెక్క వాడ్లీ గారు చూసుకోలేదు. లేదా చూసుకునే తొందరేం లేదన్నారేమో.

నాకు ఆ పేరు ఇష్టం. దాన్ని వదలడం నాకు ఇష్టం లేదు. ఇక్కడైనా నిజం రాయాలి.

జూన్ 14

కానీ ఇంటి మీద పేరు నాకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

జూలై 4, ఆదివారం

బోర్డు వచ్చింది. దుంపల చేనుతో సహా నేను రాసిచ్చిన చరిత్రంతా చదివి లవీనాకి తల తిరిగిందట. ఏ పేరు పెట్టినా తగువేనని, అన్ని ఇళ్లకీ కట్టినవాడి పేరే వేయించింది. తెల్లటి చెక్క మీద నల్లగా, 'ఎలిఫలెట్ డన్నింగ్, టోపీల తయారీ, 1811'. బాగుంది. నిజమే కదా అనుకున్నాను. ఊరేగింపు మా ఇంటి ముందునుంచే వెళ్లింది. వాయిద్యాలవాళ్లు, గుర్రాలు, మంట ఆర్పే బండి. బండి మీద నిలబడ్డ ఎర్లాండ్ బోర్డు చూసి పక్కవాడితో అరిచాడు, "ఆహా, పికార్డ్ ఇంటికి బోర్డు పెట్టేశారే!"

నూట అరవై అయిదేళ్ల తర్వాత డన్నింగ్ పేరు రోడ్డెక్కితే దాన్ని కూడా పికార్డే మింగేశాడు. ఇక ఈ ఊళ్లో రాతలతో పని జరగదు.

వాయిద్యాలవాళ్ల మధ్యలోంచి రోడ్డు దాటాను. డోలు వాయించేవాడు నాకోసం ఆగాల్సి వచ్చింది. వాడ్లీ గారు తన వరండాలో కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. లేచి నిలబడ్డారు.

"మీ నాన్నగారు నిజంగా తొంభై నాలుగేళ్లు బతికారా?"

ఆయన ఆలోచించారు. "తొంభై మూడు. ఒక ఏడాది కలిపాను."

"అయితే సరే," అన్నాను.

ఆయన మొహం ఎర్రగా అయింది. నాది కూడా అయి ఉంటుంది, ఎండ బాగా ఉంది. పేరు కోసమే ఒప్పుకున్నాను. రేపెవరైనా అడిగితే ఇదే చెప్తాను. కేవలం పేరు కోసమే.

ఆగస్టు 21, శనివారం

పెళ్లయింది. వాడ్లీ గారిని ఇక హాలిస్ అనే పిలవాలి. హాలిస్‌ది వేరే చర్చి కనక ఫాదర్ కొన్ని కాగితాలు ఎక్కువ రాయించారు. రోజల్మా పంది మాంసం పైలు నాలుగు తెచ్చింది. రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు చెయ్యి అలవాటుగా 'వె' మొదలుపెట్టింది. ఆపేశాను. కాసేపు కలం కదల్లేదు. హాలిస్ తల పక్కకు తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు, తొందరపెట్టలేదు.

ఆగస్టు 30

ఎదురిల్లు కొత్తగా వచ్చిన బడి పంతులు కొనుక్కున్నాడు. సామాను దింపుకుంటూ ఉంటే మెర్ల్ అతనికి దారి చెప్తున్నాడు: "వాడ్లీ ఇంటి వెనక బావి ఉందండీ, పంపు కాస్త మొరాయిస్తుంది." హాలిస్ మా కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. ఆ తర్వాత పంపు చూపించే నెపంతో నాలుగుసార్లు అటు వెళ్లొచ్చాడు. వాళ్లు ఆ మాట ఇంకోసారి అంటారేమోనని! మగవాళ్ల సంగతి చెప్పేదేముంది.

సెప్టెంబర్ 5

మా ఇంటిని మాత్రం ఇవాళ కూడా పికార్డ్ అనే అన్నారు. చర్చి మెట్ల మీద, లవీనా. "పికార్డ్ ఇంట్లో కొత్త జంటకి అంతా బాగుందా?" అని. బాగుందన్నాను. ఇంటికొచ్చి హాలిస్ మీద విరుచుకుపడ్డాను. పేరు వదులుకున్నాను, ఏం దక్కింది, నువ్వు చెప్పిన ఎత్తు పారలేదు అన్నాను. నోటికొచ్చినదంతా అన్నాను.

"రెండు వారాలేగా అయింది," అన్నాడు. "ఊరు ఒక మనిషి వెనకుంటుందన్నాను కానీ, ఎంత మెల్లగా నడుస్తుందో చెప్పలేదు."

ఇద్దరం భోంచేశాం. ఆయన గిన్నెలు కడిగాడు. ముందు పెళ్లాం దగ్గర నేర్చుకున్నాడట, బాగానే కడుగుతాడు.

సెప్టెంబర్ 14, మంగళవారం

చలికాలానికి కట్టెలు వచ్చాయి. లారీ నడిపేవాడు కొత్తవాడు, నది అవతలి ఊరి నుంచి వచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. గుమ్మం దగ్గర మాటలు వినిపించాయి.

"ఎర్లాండ్ స్పాఫోర్డ్ గారు పంపించారండీ. కొండ దిగగానే ఎడమ పక్క వెలెట్ ఇల్లు అన్నారు. ఇదేనా?"

నేను కత్తి కింద పెట్టాను.

"ఇదే," అన్నాడు హాలిస్.

"ఓ, వెలెట్ గారంటే మీరేనా?"

"కాదు," అన్నాడు. "ఇది ఆయన ఇల్లు. నేను ఇక్కడ ఉంటానంతే."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో. కట్టెలు ఎక్కడ పేర్చాలో చూపిస్తూ అన్నాడు. ఈ ఊళ్లో ఉన్నంతకాలం, చివరిదాకా, ఎవరొచ్చి అడిగినా ఆయన ఆ మాటే చెప్పుకోవాలి. అది తెలిసే ఆ రోజు నీలం కోటు వేసుకుని వచ్చాడు. నాకు మే నెలలో బుర్ర ఏమైందో, పేరు గురించే అడుగుతున్నాడనుకుని నవ్వాను.

జూలైలో పేరు కోసమే ఒప్పుకున్నానని రాసుకున్నాను. అప్పుడూ నిజం కాదు. నాకు ఈయనంటే ఇష్టం. అడెలార్డ్ అంటే ఎంత ఇష్టమో అది అలాగే ఉంది, దానికేం తరుగు రాలేదు.

హాలిస్ లోపలికి వచ్చి, ఎందుకేడుస్తున్నావని అడిగాడు. ఉల్లిపాయలన్నాను. ఆయన నా చేతిలో సగం తొక్క తీసిన ఆపిల్ వైపు చూశాడు, రుమాలు ఇచ్చాడు.